సీజన్ మొదట్లో కాలేజ్ ఫుట్‌బాల్ ర్యాంకులు: అపోహలు - వాస్తవాలు

ఆగస్టు ఆఖరుకొచ్చేసరికి డాలస్, ఆస్టిన్, కొలంబస్ వైపు ఉండే మన తెలుగోళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇదే గోల. పిల్లలు చదివే యూనివర్సిటీ టీమ్‌ని అంత కింద ఎందుకేశారు, ఆ పక్కోళ్ళని ఎందుకు నెత్తిన పెట్టుకుంటున్నారు, ఎవడు వేస్తున్నాడు ఈ ర్యాంకులు అని. నేను చేసే పనే కాలేజ్ ఫుట్‌బాల్ టీమ్‌లకి రేటింగ్స్ కట్టడం, అమెరికన్ ఫుట్‌బాల్ అండి, సాకర్ కాదు. సెప్టెంబర్ వచ్చిందంటే ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి కాబట్టి ఒకేచోట రాసి పెడుతున్నా.

ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. ఐపీఎల్‌లో 10 టీములు, ఒక్కో టీముకి లీగ్‌లో 14 మ్యాచ్‌లు, అందరూ అందరితో ఆడతారు, అయినా సరే రెండు మ్యాచ్‌లయ్యాక పాయింట్స్ టేబుల్ చూసి కప్పు ఎవరిదో ఎవరూ తేల్చరు. ఇక్కడ పై డివిజన్‌లో, అంటే ఎఫ్‌బీఎస్‌లో, 2025 సీజన్‌కి 136 టీములు, ఒక్కోదానికి రెగ్యులర్ సీజన్ 12 మ్యాచ్‌లే. చాలా టీములు ఒకదాని మొహం ఒకటి చూడను కూడా చూడవు. మూడు వారాల ఆట చూసి వీళ్ళందర్నీ వరసలో నిలబెట్టాలంటే తెలిసినదాంతో పాటు అంచనా కూడా కలపక తప్పదు.

అపోహ: సీజన్ మొదలవ్వకముందు వేసే ర్యాంకులన్నీ ఉత్త పేరు చూసి వేసేవే.

పేరు ప్రభావం లేదని నేను అనను, ఉంటుంది. కానీ పేరు వెనక సరుకు కూడా ఉంటుంది కదా. మా పనిలో సీజన్‌కి ముందు పెట్టుకునే అంచనాని ప్రయర్ అంటాం, అందులోకి వెళ్ళేవి ముఖ్యంగా నాలుగు: గత కొన్నేళ్ళు ఆ టీమ్ ఎలా ఆడింది, ఎలాంటి కుర్రాళ్ళని రిక్రూట్ చేసుకుంది, పోయినేడాది ఆడినవాళ్ళలో ఎంతమంది మళ్ళీ వచ్చారు, కోచ్ గానీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ టీమ్ దాడిని నడిపే ఆటగాడు) గానీ మారారా. ఈ అంచనా ఎంత గట్టిదో ఒక్క ముక్కలో చెప్తా. అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ వాళ్ళు, క్రీడా విలేకరుల ఓట్లతో వేసే ఏపీ పోల్‌లో, 1950 నుంచి సీజన్‌కి ముందు కూడా ర్యాంకులు ఇస్తున్నారు. అందులో అసలు చోటే లేకుండా మొదలై చివరికి ఏపీ చాంపియన్ అయిన టీమ్ 1984లో బీవైయూ, ఆ తర్వాత ఇంకెవరూ లేరు. 2010లో ఆబర్న్ 22 నుంచి వచ్చి గెలిచింది, అది కూడా లిస్టులో ఉన్న టీమే.

అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు, ఎందుకంటే ఇప్పుడు ప్రయర్ కట్టడం ముందుకంటే బాగా కష్టమైంది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు ఇచ్చుకునే జాబితా) వచ్చింది, 2021లో ఒకసారి యూనివర్సిటీ మారితే వెంటనే ఆడొచ్చు అన్నారు, 2024లో ఎన్నిసార్లు మారినా సరే అన్నారు. దాంతో పోయినేడాది టీమ్ అన్నది ఈ ఏడాదికి సగం టీమే మిగులుతోంది ఒక్కోచోట. 2024 చూడండి, ఫ్లోరిడా స్టేట్ అంతకుముందు ఏడాది 13-0తో (13 గెలుపులు, ఓటమి లేదు) తన కాన్ఫరెన్స్, అంటే తను ఆడే లీగ్, గెలిచిన టీమ్, ముఖ్యమైన ఆటగాళ్ళు చాలామంది ఎన్‌ఎఫ్‌ఎల్‌కి, అంటే ప్రొఫెషనల్ లీగ్‌కి, పోయారు, అయినా ఏపీ ప్రీసీజన్‌లో 10వ ర్యాంకు ఇచ్చారు, డబ్లిన్‌లో జార్జియా టెక్ చేతిలో 24-21తో ఓడి మొదలెట్టి 2-10తో ముగించింది. అదే ఏడాది బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో మీడియా వాళ్ళు 16 టీములకి 16వ స్థానం, అంటే ఆఖరు, ఎవరికిచ్చారో తెలుసా, ఆరిజోనా స్టేట్‌కి. వాళ్ళే కాన్ఫరెన్స్ గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్ళి టెక్సస్‌ని రెండు ఓవర్‌టైమ్‌ల దాకా లాక్కెళ్ళారు.

అపోహ: ఒక్క మ్యాచ్‌తో టీమ్ బండారం బయటపడిపోతుంది.

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే సెప్టెంబర్‌లో జరిగే గొడవల్లో ఎక్కువ దీనివల్లే.

2024 సెప్టెంబర్ 7, నోటర్ డేమ్ అప్పటికి 5వ ర్యాంకు, వారం ముందే టెక్సస్ ఏ అండ్ ఎం ఊళ్ళోకి వెళ్ళి 23-13తో గెలిచొచ్చింది. సొంత గ్రౌండ్‌లో నార్తర్న్ ఇల్లినాయ్‌తో మ్యాచ్, నాలుగు టచ్‌డౌన్‌ల, అంటే దాదాపు 28 పాయింట్ల, తేడాతో గెలుస్తారని అందరి అంచనా. 16-14తో ఓడిపోయారు. ఏపీ పోల్‌లో 18కి పడిపోయారు, కోచ్‌ని తీసేయాలనేవాళ్ళు కూడా తయారయ్యారు. తర్వాతి వారం పర్డ్యూ మీద 66-7. ఆ తర్వాత వరసగా గెలుచుకుంటూ జనవరిలో నేషనల్ చాంపియన్‌షిప్ మ్యాచ్ దాకా వెళ్ళారు, అక్కడ ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడారు. మరి వాళ్ళని ఓడించిన నార్తర్న్ ఇల్లినాయ్? తమ తర్వాతి మ్యాచ్‌లోనే బఫలో చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడింది, సీజన్ 8-5.

మరి ఓటమిని పట్టించుకోకూడదా అంటే పట్టించుకోవాలి, ఎంత పట్టించుకోవాలి అన్నదే మా పని. లెక్క చిన్నదే, చూపిస్తా. ఒక టీమ్ సగటు టీమ్ కంటే 12 పాయింట్లు మెరుగు అని ప్రయర్ చెప్తోంది అనుకోండి. మొదటి మ్యాచ్‌లో ఎదుటి టీమ్ బలం, ఎవరి గ్రౌండ్ అన్నది సర్దుబాటు చేశాక సగటు కంటే 9 పాయింట్లు తక్కువ టీమ్ లాగా ఆడింది. ప్రయర్‌కి ఐదు మ్యాచ్‌ల విలువ ఇచ్చామనుకుంటే, ఐదు 12లు 60, అందులోంచి 9 తీస్తే 51, ఆరుతో భాగిస్తే 8.5. అంటే అంత ఘోరంగా ఆడినా 12 నుంచి 8.5కి వచ్చింది, సున్నాకి పడిపోలేదు. రెండో మ్యాచ్ కూడా అలాగే ఆడితే 6కి వస్తుంది, మూడోది కూడా అంతే అయితే 4 దగ్గరికి. నిజంగా టీమ్ చెడిపోయి ఉంటే లెక్క దాన్ని పట్టుకుంటుంది, కాకపోతే మూడు నాలుగు వారాలు టైమ్ తీసుకుంటుంది. ఇదంతా మొండితనమని కొంతమంది కోప్పడతారు గానీ ఒక్క సాక్ష్యానికి ఎంత విలువివ్వాలో అంతే ఇవ్వడం ఇది.

గెలుపుకి కూడా ఇదే లెక్క. 2023లో మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్ డియాన్ శాండర్స్ కోచ్‌గా వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే కొలరాడో 17వ ర్యాంకు టీసీయూని 45-42తో వాళ్ళ ఊళ్ళోనే కొట్టింది. దేశమంతా ఊగిపోయింది, వెంటనే కొలరాడోకి 22వ ర్యాంకు ఇచ్చేశారు. టీసీయూ అంతకుముందు సీజన్‌లో ఫైనల్ ఆడిన టీమ్ కాబట్టి అది పెద్ద గెలుపే అనుకున్నారు. సీజన్ అయ్యేసరికి కొలరాడో 4-8, ఆ టీసీయూ 5-7. అంటే సెప్టెంబర్‌లో ర్యాంకు ఉన్న టీమ్‌ని కొట్టాం అన్నమాటకి అర్థం, ఓటర్లు బాగుంటుందని ఊహించిన టీమ్‌ని కొట్టాం అని. ఆ ఊహ నిజమో కాదో నవంబర్‌కి గానీ తెలీదు.

అపోహ: కొట్టినోడు కొట్టించుకున్నోడి పైనే ఉండాలి.

రెండు టీములకీ రికార్డు ఒకేలా ఉండి దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ఈ మాట కరెక్టే. అన్నిచోట్లా ఇదే రూల్ పెడితే మాత్రం వరస కట్టడమే కుదరదు, ఎందుకంటే అ టీమ్ ఇ ని కొడుతుంది, ఇ ఉ ని కొడుతుంది, ఉ వచ్చి అ ని కొడుతుంది, ప్రతి సీజన్ ఇలాంటివి బోలెడు.

అపోహ: మనుషులకి పక్షపాతం ఉంటుంది, కంప్యూటర్‌కి ఉండదు, కాబట్టి మొదటి వారం నుంచే కంప్యూటర్‌కి అప్పజెప్పాలి.

ఇంజినీర్లు ఎక్కువున్న మన జనాల్లో ఇది బాగా పాపులర్. బీసీఎస్ రోజుల్లో, అంటే పోల్స్, కంప్యూటర్ ర్యాంకులు కలిపి టైటిల్ మ్యాచ్‌కి ఇద్దర్ని ఎంచిన రోజుల్లో, వాడిన కంప్యూటర్ లెక్కల్లో కోలీ పద్ధతి అని ఒకటుంది, పేరు చూడదు, ప్రీసీజన్ చూడదు, పాయింట్ల తేడా కూడా చూడదు, ఎవరు ఎవర్ని గెలిచారు అన్నదొక్కటే. అందరూ 0.5 దగ్గర మొదలవుతారు. ఇద్దరు ఎఫ్‌బీఎస్ టీములు మొదటి వారం ఒక్క మ్యాచ్ ఆడారు, ఇంకెవరితోనూ సంబంధం లేదు అనుకుని ఆ సమీకరణాలు సాధిస్తే గెలిచినవాడికి 0.625, ఓడినవాడికి 0.375 వస్తుంది. అది ఒహాయో స్టేట్‌ని కొట్టినా 0.625 ఏ, డివిజన్‌లో అందరికంటే బలహీనమైన టీమ్‌ని కొట్టినా 0.625 ఏ. పక్షపాతం లేని మాట నిజమే, కానీ ఆ వారానికి చెప్పడానికి దాని దగ్గర విషయమే లేదు. సీజన్ చివరికి మాత్రం అది చాలా బాగా పనిచేస్తుంది, నాకు ఆ పద్ధతంటే గౌరవం.

లోపం ఎక్కడంటే టీముల మధ్య లింకుల్లో. లెక్కకి గొలుసు కావాలి, నేను నిన్ను కొట్టాను, నువ్వు వాడిని కొట్టావు, కాబట్టి వాడితో నన్ను పోల్చొచ్చు అని. మొదటి వారం అన్నీ విడివిడి జతలు, కొన్ని పెద్ద టీములైతే కింది డివిజన్ ఎఫ్‌సీఎస్ వాళ్ళతో ఆడుకుంటాయి. నాలుగైదు వారాలకి గానీ అందరూ ఒకే వలలోకి రారు. అందుకే చాలామంది మోడల్ కట్టేవాళ్ళు మొదట్లో ప్రయర్ పెట్టి, లింకులు పెరిగేకొద్దీ దాన్ని తగ్గించుకుంటూ పోతారు.

ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది, నాకైతే సెప్టెంబర్ మొత్తంలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఒక కాన్ఫరెన్స్ టీములు వేరే కాన్ఫరెన్స్ వాళ్ళతో ఆడేది ఎక్కువగా మొదటి మూడు నాలుగు వారాల్లోనే, ఆ తర్వాత అక్టోబర్, నవంబర్ అంతా దాదాపు సొంత కాన్ఫరెన్స్ లోపలే. అంటే కాన్ఫరెన్స్‌ల్లో ఎస్‌ఈసీ గొప్పదా బిగ్ టెన్ గొప్పదా అనే వాదన సీజన్ చివర జరిగే బౌల్ మ్యాచ్‌ల దాకా నడిచేది సెప్టెంబర్‌లో ఆడిన ఆ గుప్పెడు మ్యాచ్‌ల మీదే, అది కూడా టీములు ఇంకా కుదురుకోని టైమ్‌లో ఆడినవి. మధ్యస్థం టీములు రెండు సెప్టెంబర్ 14న ఆడిన మ్యాచ్ అని మీరు చానల్ మార్చేస్తారు చూడండి, లెక్కలో దాని బరువు ఆ రెండు కాన్ఫరెన్స్‌ల్లోని ప్రతి టీమ్ మీదా పడుతుంది.

అపోహ: 60 పాయింట్లు కొడితే టీమ్ భీకరంగా ఉన్నట్టే.

ఎవరి మీద కొట్టారు, ఎప్పుడు కొట్టారు అన్నది చూడాలి. మ్యాచ్ చేతికొచ్చేశాక రెండు వైపులా బెంచి మీద కుర్రాళ్ళు దిగుతారు, అప్పుడొచ్చే పాయింట్లని మేం చాలావరకు తీసేస్తాం. ఫంబుల్ అయిన, అంటే ఆటగాడి చేతిలోంచి జారిపోయిన, బంతి ఎవరికి దొరుకుతుందన్నది దాదాపు బొమ్మా బొరుసే, అలా దొరికిన రెండు బంతులతో 14 పాయింట్లు వస్తే అవి వచ్చే వారం కూడా వస్తాయన్న నమ్మకం లేదు. నేను స్కోరు కంటే ముందు సక్సెస్ రేట్ చూస్తా. 10 గజాలు ముందుకెళ్ళడానికి టీమ్‌కి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు: మొదటి డౌన్‌లో కావలసిన గజాల్లో 50 శాతం, రెండో డౌన్‌లో 70 శాతం, మూడు నాలుగు డౌన్‌లలో మొత్తం వస్తే ఆ ప్లే సక్సెస్ కింద లెక్క. ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో టీమ్ అరవై డెబ్బై ప్లేలు ఆడుతుంది కాబట్టి ఒక్క స్కోరు కంటే ఇది త్వరగా నిలకడకొస్తుంది. పాయింట్ల తేడా అసలు పనికిరాదా అంటే బాగా పనికొస్తుంది, ముందు జరగబోయేది చెప్పడానికి గెలుపోటముల కంటే మెరుగు. బలహీనుల మీద స్కోరు పెంచుకుంటారన్న భయంతో 2002 నుంచి బీసీఎస్ వాళ్ళు కంప్యూటర్లలోంచి దాన్ని తీసేయించారు, ఆ భయం నాకర్థమవుతుంది గానీ దానివల్ల లెక్కలు బలహీనపడ్డాయి.

అపోహ: మొదటి ర్యాంకులు సరదాకే, చివరికి అన్నీ సర్దుకుంటాయి.

2004 ఆబర్న్ వాళ్ళని అడగండి. ఆ ఏడాది ఏపీ ప్రీసీజన్‌లో యూఎస్‌సీ 1, ఓక్లహోమా 2, ఆబర్న్ 17. బౌల్ మ్యాచ్‌ల ముందు దాకా ముగ్గురూ ఒక్క మ్యాచ్ ఓడలేదు. ఓటర్ల అలవాటేంటంటే గెలిచినవాళ్ళని కదిలించరు, పైవాడు ఓడితేనే కిందివాడు ఎక్కుతాడు, పైన ఇద్దరూ ఓడలేదు కాబట్టి ఆబర్న్ 3 దగ్గర ఆగిపోయింది. అప్పట్లో టైటిల్ మ్యాచ్‌కి ఇద్దరికే చోటు. అక్కడ యూఎస్‌సీ ఓక్లహోమాని 55-19తో చిత్తు చేసింది, ఆబర్న్ వేరే బౌల్‌లో వర్జీనియా టెక్‌ని గెలిచి 13-0తో ఇంటికెళ్ళింది. ఆబర్న్ షెడ్యూల్‌లో సిటడెల్ లాంటి చిన్న టీమ్ ఉందన్న విమర్శ కూడా ఉంది, అది ఒప్పుకోవాలి. కానీ ఆగస్టులో 17 బదులు 2 ఇచ్చి ఉంటే అవే 12 మ్యాచ్‌లు, అవే స్కోర్లతో వాళ్ళు ఫైనల్‌లో ఉండేవాళ్ళేమో అన్న ప్రశ్నకి ఈరోజుకీ ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. ఆ గొడవ తర్వాతే మా పోల్ వాడొద్దని ఏపీ వాళ్ళు బీసీఎస్‌కి చెప్పేశారు, దాని బదులు 2005లో వచ్చిన హారిస్ పోల్‌ని కావాలనే సెప్టెంబర్ చివర్లో మొదలుపెట్టారు.

ఇక్కడే ఓటర్లూ మోడల్సూ కలగాపులగం చేసేది. ఎవరు బలమైన టీమ్ అన్నది ఒక ప్రశ్న, ఇప్పటిదాకా ఎవరు ఎక్కువ సాధించారు అన్నది ఇంకో ప్రశ్న. ఆగస్టులో మొదటిదానికే జవాబుంటుంది, రెండోదానికి అసలు సరుకే లేదు. ఆగస్టు జవాబుని పట్టుకుని నవంబర్‌లో రెండో ప్రశ్నకి వాడితే ఆబర్న్‌కి జరిగినట్టే జరుగుతుంది. నా పనిలో నేను రెండు లిస్టులు విడిగా ఉంచుతా, సాధించినదాని లిస్టులో ప్రయర్ ఒక్క చుక్క కూడా ఉండదు, అది అక్టోబర్ దాకా బయటపెట్టను కూడా.

అపోహ: 14వ ర్యాంకు 22వ ర్యాంకు కంటే చాలా మెరుగు.

పైన నలుగురైదుగురి తర్వాత తేడాలు బాగా సన్నబడతాయి. సెప్టెంబర్‌లో 12 నుంచి 35 దాకా ఉన్నవాళ్ళని తిరగేసి రాసినా మోడల్ పెద్దగా అభ్యంతరం చెప్పదు.

అపోహ: మొదట్లో ఒకటి ఓడితే సీజన్ అయిపోయినట్టే.

ఇద్దరికే చోటున్న రోజుల మాట అది. అప్పుడు కూడా పూర్తిగా నిజం కాదు, 2007లో ఎల్‌ఎస్‌యూ రెండు ఓడి చాంపియన్ అయింది. 2014లో ఒహాయో స్టేట్ రెండో మ్యాచ్‌లోనే సొంత గ్రౌండ్‌లో వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడి 22కి పడిపోయింది, చివరికి నాలుగు టీముల ప్లేఆఫ్ మొట్టమొదటి టైటిల్ వాళ్ళదే. 2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 టీములు. ఆ టీముల్ని ఎంచే సెలక్షన్ కమిటీ తన మొదటి ర్యాంకులు బయటపెట్టేది కూడా నవంబర్ మొదట్లోనే, ఏపీ పోల్‌కి ఆ లెక్కలో అధికారికంగా చోటు లేదు. కాబట్టి రెండో వారం మీ టీమ్ ఓడితే ఏపీలో ఎంత పడింది అన్నది వదిలేసి, ఆ మ్యాచ్ సక్సెస్ రేట్ ఎంత, ఫంబుల్స్ ఎవరికి దొరికాయి, క్వార్టర్‌బ్యాక్ బాగానే ఉన్నాడా అన్న మూడూ చూడండి, నేను సోమవారం పొద్దున కూర్చోగానే చూసేవి ఇవే.