అమీర్‌పేటలో వదిలేసిన మూడు రైళ్లు

మొన్న రాత్రి తొమ్మిది దాటాక అమీర్‌పేట మెట్రోలో రైలు మారడానికి దిగి, ఎల్‌బీ నగర్ వైపు ప్లాట్‌ఫాం మీద అలాగే నిలబడిపోయాను. ఒక రైలు వెళ్లింది. ఇంకొకటి వెళ్లింది. మూడోదీ వెళ్లిపోయింది. లోపల చోటు ఉంది, కాళ్లే కదల్లేదు. అమ్మ షుగర్ రిపోర్టు, బాబు స్కూలు ఫీజు, పొద్దున్నే ఇవ్వాల్సిన ఫైలు, నీళ్ల ట్యాంకరు... ఏది ముందో తేలక ఇంటికి వెళ్లడం కూడా పెద్ద పనైపోయింది.

‘బుర్ర పనిచేయట్లేదు’ అని అలవాటుగా అంటామే, ఆ మాట నిజానికి చాలా దగ్గర. పనుల్లో ముందూ వెనకా తేల్చేది నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. మనసు ఒకేసారి పట్టుకోగలిగేది సుమారు 4 విషయాలేనని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో లెక్క తేల్చారు. పైగా టెన్షన్‌లో నార్‌అడ్రినలిన్, డోపమైన్ అనే మెదడు రసాయనాల మోతాదు మించితే ఆ భాగంలోని నాడీకణాల మధ్య సంబంధాలు కాసేపు బలహీనపడతాయని యేల్ విశ్వవిద్యాలయంలో ఏమీ ఆర్న్‌స్టెన్ పరిశోధనలు చూపించాయి. అంటే పనులు సర్దిపెట్టే భాగమే అందరికంటే ముందు చేతులెత్తేస్తుంది. అలాంటప్పుడు ‘గట్టిగా అనుకుంటే అయిపోతుంది’ అని మనల్ని మనం తిట్టుకోవడం అన్యాయం.

ఆ రాత్రి బెంచీ మీద కూర్చుని, బ్యాగులో దొరికిన మందుల షాపు బిల్లు వెనక రాయడం మొదలుపెట్టాను. ఊరికే ‘ట్యాంకరు’ అని కాదు, ‘ట్యాంకరు: పొద్దున 7కి ఫోన్’ అని. తొమ్మిది లైన్లు వచ్చాయి. వాటిలో రేపే చేయాల్సినవి రెండే.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మందిని నిద్రపోయే ముందు 5 నిమిషాలు రాయమన్నారు. చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు 9 నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది. కాగితం మీదికి చేరినదాన్ని మనసు ఇక మాటిమాటికీ గుర్తుచేసుకోనక్కర్లేదు.

మన ఊళ్లో అలసటకు మందు ఇరానీ చాయ్. నాకూ ప్రాణమే. కానీ చాయ్ అలసట తీర్చదు. మేలుకున్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పోగవుతుంది, నిద్ర తెప్పించేది అదే. చాయ్‌లోని కెఫీన్ దాని చోట్లో కూర్చుని మనకు తెలియనివ్వదు. తాగినదాంట్లో సగం కరగడానికే చాలామందికి 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి చాయ్‌లో సగం పదకొండింటికీ ఒంట్లోనే ఉంటుందన్నమాట.

నిద్ర సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు చూపించారు. మన చట్టం బండి నడపడానికి ఒప్పుకునేది 30 మిల్లీగ్రాములే. పొద్దున ఐదింటికి లేచి, టిఫిన్లు, డబ్బాలు, ఆఫీసు ముగించుకుని రాత్రి పదింటికి స్కూటీ స్టార్ట్ చేసే ఆడవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో! అలాంటి రోజు దయచేసి ఆటో ఎక్కండి.

వారాల తరబడి దిగులు, ఏమీ చేయాలనిపించకపోవడం ఉంటే మాత్రం కాగితం చాలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళకైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఒకసారి రక్తపరీక్ష కూడా చేయించుకోండి. తెలంగాణలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మా అక్క ఆర్నెల్లపాటు ‘నాకే బద్ధకం పెరిగిందే’ అని బాధపడింది. చూస్తే హీమోగ్లోబిన్ 8. ఐరన్ మాత్ర కూడా ఇన్నాళ్లూ చాయ్‌తోనే మింగేదట, చాయ్ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఇప్పుడు నిమ్మరసంతో వేసుకుంటోంది.