ట్యూబులు తెరుచుకునే ఉన్నాయి.. మరి గర్భం ఎందుకు రావడం లేదు?

నల్లగొండలో నా దగ్గరికి దేవరకొండ, మిర్యాలగూడ, హాలియా వైపు నుంచి వచ్చే దంపతుల ఫైలులో చాలాసార్లు ఒక ఎక్స్‌రే ఉంటుంది. హెచ్‌ఎస్‌జీ అంటారు. 'రెండు ట్యూబులూ తెరుచుకుని ఉన్నాయి' అని రిపోర్టు. "అన్నీ బాగానే ఉన్నాయన్నారు కదా మేడం, మరి లోపం ఎక్కడ?" అని అత్తగారు అడుగుతారు. కోడలు తల వంచుకుని కూర్చుంటుంది. ఇలాంటి చోట కారణం ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు కావచ్చు. దాని చుట్టూ ఉన్న అపోహలు చూద్దాం.

అపోహ: ట్యూబు తెరుచుకుని ఉంటే పని చేస్తున్నట్టే.

వాస్తవం: గర్భాశయంలోకి ఎక్కించిన, ఎక్స్‌రేలో కనిపించే మందు ట్యూబుల గుండా బయటికి వస్తోందా అన్నదే హెచ్‌ఎస్‌జీలో ముఖ్యంగా చూస్తాం. అంటే దారి ఉందని తెలుస్తుంది, అంతే. సుమారు 10 సెంటీమీటర్ల పొడవుండే ఫెలోపియన్ ట్యూబు చివర సన్నని వేళ్లలాంటి కుచ్చు ఉంటుంది. అండం విడుదలయ్యే వేళకు ఆ కుచ్చు అండాశయాన్ని తడుముతూ అండాన్ని లోపలికి తీసుకోవాలి. వ్యవధి చాలా తక్కువ, అండం బతికేది దాదాపు ఒక్క రోజే. వీర్యకణంతో కలయిక ట్యూబులోనే జరగాలి, పిండం అక్కడి నుంచి గర్భాశయానికి చేరాలి.

ఎండోమెట్రియోసిస్‌లో గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం అండాశయాలు, ట్యూబులు, పొత్తికడుపు గోడల మీద పెరుగుతుంది. వాపు వస్తుంది, మచ్చలు కడతాయి. ట్యూబు అండాశయానికో, గర్భాశయం వెనుకో, పేగుకో అతుక్కుపోతుంది. దారి అలాగే ఉంటుంది, కుచ్చు మాత్రం కదలలేదు. పక్కనే విడుదలైన అండం కూడా దానికి అందదు. ఈ అతుకులు ఎక్స్‌రేలో సరిగా తెలియవు. అనుమానం బలంగా ఉన్నప్పుడు ల్యాపరోస్కోపీతో, అంటే పొట్ట మీద చిన్న కోత పెట్టి కెమెరా గొట్టంతో, కళ్లారా చూడాల్సి వస్తుంది.

అపోహ: స్కాన్‌లో ఏమీ లేదంటే జబ్బు లేనట్టే.

వాస్తవం: అండాశయంలోని చాక్లెట్ సిస్టులు (ఈ జబ్బు వల్ల పాత రక్తం నిండే తిత్తులు) స్కాన్‌లో కనిపిస్తాయి. పైపైన ఉండే చిన్న మచ్చలు చాలావరకు కనిపించవు.

అపోహ: ముట్టు నొప్పి పెళ్లయితే తగ్గిపోతుంది.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. నెలనెలా బడి మానేసి పడుకునే అమ్మాయికి కావలసింది పెళ్లి సంబంధం కాదు, పరీక్ష. కాన్పు కూడా ఈ జబ్బుకు మందు కాదు. నడుము నొప్పి అంటే మర్రిగూడ వైపు ముందుగా ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ నీళ్లే గుర్తుకొస్తాయి, అది సహజమే. కానీ నొప్పి నెలసరితో వచ్చి నెలసరితో పోతుంటే, కలయికలో నొప్పి ఉంటే, ముట్టు రోజుల్లో మల విసర్జన కష్టమవుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. నొప్పి తీవ్రతకూ జబ్బు దశకూ లెక్క కుదరదు. కొందరికి నొప్పే ఉండదు.

అపోహ: ఈ జబ్బు ఉంటే ఇక పిల్లలు పుట్టరు.

వాస్తవం: చాలామంది సహజంగానే గర్భం దాలుస్తారు. అయితే హార్మోన్ మాత్రలు నొప్పి తగ్గించడానికే, గర్భం రావడానికి కాదు. వాటిలో చాలావరకు అండం విడుదలనే ఆపుతాయి. సిస్టుకు మళ్లీ మళ్లీ ఆపరేషన్ చేయిస్తే అండాల నిల్వ తగ్గే ప్రమాదం ఉంది. ట్యూబు మూసుకుపోయి నీరు నిండితే ఆ నీరు గర్భాశయంలోకి కారి ఐవీఎఫ్‌ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) చికిత్సను కూడా దెబ్బతీస్తుంది. అందుకే ముందు ఆ ట్యూబును తీసేయడమో, గర్భాశయం దగ్గర మూసేయడమో మంచిది.

ఇవేవీ నిర్ణయించక ముందే భర్తకు వీర్య పరీక్ష జరగాలి. ఆ రిపోర్టు లేకుండా భార్యను ఆపరేషన్ బల్ల ఎక్కించడానికి నేను ఒప్పుకోను.