ఇంటిపేరులో పులి

విశాఖలో చదువుకునే అరకు, డుంబ్రిగుడ పిల్లల సర్టిఫికెట్ల మీద కిల్లో, కొర్రా, పాంగి, వంతాల, గొల్లోరి వంటి ఇంటిపేర్లు కనిపిస్తాయి. కిల్లో అంటే పులి. కొర్రా సూర్యుడు, పాంగి గద్ద, వంతాల పాము, గొల్లోరి కోతి. ఒకే ఇంటిపేరు వాళ్లు ఏ ఊళ్లో ఉన్నా అన్నదమ్ముల కిందే లెక్క, సంబంధం కలుపుకోరు. ఇదంతా ఊళ్లో నానమ్మకు తెలుసు. కానీ ఆమె ఆదివాసీ ఒడియాలో మాట్లాడుతుంది, మనవడు తెలుగులో బదులిస్తాడు. ఫోన్లో తిన్నావా, ఎప్పుడొస్తావు దగ్గరే మాట ఆగిపోతుంది.

పిల్లలే పట్టించుకోలేదంటే నేను ఒప్పుకోను. ఈ ఎడం వెనక చాలా ఏళ్ల కథ ఉంది. 1839లో బ్రిటిష్ వాళ్లు విశాఖ కొండలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టర్‌నే ఏజెంటుగా పెట్టారు. 'ఏజెన్సీ' అన్న మాట అలా వచ్చిందే. 1882 అటవీ చట్టం పోడు సాగుకు అడ్డం పడింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు మొదలైంది. దాని కోసం కట్టిన జోలాపుట్టు జలాశయంలో ఊళ్లు మునిగిపోయాయి. ఆ ఊళ్లలో పుట్టిన ముసలమ్మలకు మనవలకు చూపించడానికి పుట్టిల్లే లేదు.

అన్నిటికన్నా పెద్ద మార్పు మాత్రం బడితోనే వచ్చింది. ఆశ్రమ పాఠశాలలో చదువు, తిండి, పడక అన్నీ అక్కడే, అంతా తెలుగులోనే. చదువొచ్చింది, ఉద్యోగాలొచ్చాయి, అది చిన్న విషయం కాదు. కానీ చలి రాత్రుల్లో నానమ్మ పొయ్యి ముందు కూర్చుని చోడి అంబలి కలుపుతూ కథ ఎత్తుకునే వేళకు, వినాల్సిన పిల్లాడు హాస్టల్లో వరసలో పడుకుని ఉన్నాడు.

2004 ప్రాంతంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పాఠాలు మొదలుపెట్టారు. ఆ భాష తెలిసిన టీచరుంటేనే ఆ పుస్తకానికి ప్రాణం. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మా వీధిలో గది తీసుకున్న కుర్రాడొకడు మొన్న చైత్రంలో కొండ ఊళ్లలో చేసుకునే ఇటుకల పండగకని, అరకు మీదుగా వెళ్లే కిరండూల్ పాసింజరెక్కాడు. వచ్చాక ఫోన్లో రికార్డింగ్ వినిపించాడు. మన పులి ఇంటివాళ్లు మొదట ఏ ఊరివాళ్లని నానమ్మని అడిగాడట. ఆమె గొంతు చాలాసేపు సాగింది. మధ్యమధ్యలో వాళ్ల అత్త తెలుగులో చెబుతోంది.