రక్తం దగ్గితే టీబీయేనా? అపోహలు - వాస్తవాలు

"మూడు నెలల సంది టీబీ మందులు మింగుతనే ఉన్నడు సార్, రక్తం ఆగుతలేదు." హన్మకొండలో ఛాతీ డాక్టరుగా ఇలాంటి మాట పదే పదే వింటున్నాను. ఫైలు తిరగేస్తే తెమడ పరీక్ష కాగితమే ఉండదు.

అపోహ: దగ్గులో రక్తం పడితే టీబీయే.

టీబీ మన దగ్గర ఎక్కువే, అనుమానించాల్సిందే. అందుకే సర్కారు దవాఖానాల్లో తెమడలో టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్, సీబీనాట్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. అవి చేయించకుండా ఎక్స్‌రేలో నీడ చూసి మందులు మొదలుపెట్టడం దేనికి?

పైన చెప్పిన మాట వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే ఒక అబ్బాయి వాళ్లమ్మది. అతనికి ముప్పై ఏళ్లు లేవు. మొదట మిర్చి ఘాటుకు గొంతు పగిలిందనుకున్నారట, తర్వాత టీబీ అన్నారు. ప్యాంటు పైకి మడవమన్నాను. ఎడమ పిక్క కుడిదాని కంటే లావుగా, నున్నగా మెరుస్తోంది. "అది బోదకాలు సార్" అందామె. కింది పెదవి మడిచి చూస్తే లోపల తెల్లటి పుండ్లు, చుట్టూ ఎర్రటి అంచు. "ఒంట్లో వేడి సార్, ఎప్పుడూ ఉండేదే." ఆమెను బయట కూర్చోమని చెప్పి అడిగితే, మర్మాంగం దగ్గర కూడా పుండ్లు వచ్చి పోతుంటాయని తల దించుకుని చెప్పాడు. సిగ్గుతో అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

వేడి, బోదకాలు, టీబీ అని మూడు పేర్లు పెట్టుకున్నారు. రోగం ఒక్కటే, బెహ్‌చెట్. 1937లో హులూసి బెహ్‌చెట్ అనే టర్కీ చర్మవైద్యుడు దీన్ని వివరించాడు. రక్తనాళాల గోడలు వాచే జబ్బు ఇది. కాలి సిరలో రక్తం గడ్డకట్టేది ఆ వాపు వల్లే. అరుదుగా, అదీ ఎక్కువగా యువకుల్లో, ఊపిరితిత్తుల ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. దాన్ని అన్యూరిజం అంటాం. దగ్గులో రక్తం దాని నుంచే పడుతుంది. పుండ్లు లేకుండా ఈ ఉబ్బు, కాలిలో రక్తపు గడ్డ మాత్రమే ఉంటే హ్యూస్-స్టోవిన్ సిండ్రోమ్ అంటారు. దీని గురించి ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లు 1959లో రాశారు. అది బెహ్‌చెట్‌కే మరో రూపమని చాలామంది అభిప్రాయం.

టీబీ మందులు ఈ ఉబ్బును ఆపలేవు. ఆ నెలల్లో అది పెరిగి పగిలిందంటే మనిషిని ఆసుపత్రికి చేర్చే టైమ్ కూడా ఉండకపోవచ్చు. ఎక్స్‌రేలో ఇది గుండ్రటి నీడగా, కణితిలా కనిపిస్తుంది. కణితే అనుకుని ముక్క తీయబోతే ప్రాణాపాయం. మామూలు సీటీ చాలదు, రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్ కావాలి. కాలు వాపు, నోటి పూత, దగ్గులో రక్తం, వీటిలో ఏ రెండు కలిసి ఉన్నా ఒకే డాక్టరుకు అన్నీ చెప్పండి. రక్తం ఎక్కువగా పడుతుంటే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

అపోహ: కాలిలో రక్తపు గడ్డ ఉంది కాబట్టి రక్తం పలచబడే మందులే వైద్యం.

ఉబ్బు ఉన్నప్పుడు వాటితో రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. అసలు వైద్యం వాపు తగ్గించడం, అంటే ఎక్కువ డోసు స్టెరాయిడ్, రోగనిరోధక శక్తిని అణచే సైక్లోఫాస్ఫమైడ్ లాంటివి. సైక్లోఫాస్ఫమైడ్ పిల్లలు పుట్టే శక్తిని దెబ్బతీయవచ్చు, కాబట్టి పెళ్లికావలసిన అబ్బాయిలు అది మొదలుపెట్టకముందే వీర్యం భద్రపరచుకోవడం గురించి డాక్టరును అడగాలి.

బెహ్‌చెట్ అంటుకోదు, కంచం వేరు పెట్టొద్దు. ఒక్క రక్తపరీక్షతో తేలదు.

అపోహ: స్టెరాయిడ్ విషం.

ముఖం ఉబ్బిందని, షుగర్ వస్తుందని టెన్షన్ పడటం నాకు అర్థమవుతుంది. కానీ ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, ఒళ్లు కుప్పకూలవచ్చు. డోసు మేమే మెల్లగా తగ్గిస్తాం.

ఆ అబ్బాయి బస్తాలు మానేసి అదే మార్కెట్లో లెక్కలు రాస్తున్నాడు. చెకప్‌కు వచ్చినప్పుడల్లా నేను అడగకముందే వాళ్లమ్మ అతని పెదవి మడిచి చూపిస్తుంది. "ఒక్క పుండు లేదు సార్, చూడుండ్రి."