అన్నం తినగానే కళ్ళు ఎందుకు మూతలు పడతాయి?

ఒక సైన్సు టీచరు అడిగిన ప్రశ్న ఇది. "మధ్యాహ్న భోజనం తర్వాత మొదటి పీరియడ్‌లో పిల్లలు తూగుతారండీ. పిల్లలదాకా ఎందుకు, పాఠం చెప్పే నాకే కళ్ళు మూతలు పడతాయి. అరిగించడానికి రక్తమంతా పొట్టలోకి పోతుంది, మెదడుకు తగ్గుతుంది, అందుకే నిద్రొస్తుంది అని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. అది నిజమేనా?"

నిజం కాదు. కానీ ఆ టీచరు తప్పేమీ లేదు, మనందరికీ బడిలో ఎవరో ఒకరు ఇదే చెప్పారు. వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. తిన్నాక పేగులకు రక్తం ఎక్కువగా వెళ్ళడం నిజమే. మామూలుగా నిమిషానికి లీటరున్నర దాకా ఉండేది, బాగా తిన్నప్పుడు రెట్టింపు దాకా పోతుంది. అయితే ఆ రక్తం మెదడు వాటాలోంచి రాదు. గుండె కాస్త ఎక్కువ పంపు చేస్తుంది, కండరాలకూ చర్మానికీ వెళ్ళేది కొంత తగ్గుతుంది. మెదడుకు నిమిషానికి దాదాపు 750 మిల్లీలీటర్లు అందుతూనే ఉంటాయి. రక్తపోటు కొంత అటూ ఇటూ అయినా మెదడులోని సన్నటి ధమనులు తమ వెడల్పు మార్చుకుని ఆ ప్రవాహాన్ని నిలబెడతాయి. పరుగెత్తేటప్పుడు కాళ్ళ కండరాలు పేగులకంటే ఎన్నో రెట్లు రక్తం లాగుతాయి, అయినా పరుగెత్తుతూ ఎవరూ కునుకు తీయరు. డెబ్భై దాటిన కొందరికి మాత్రం తిన్న రెండు గంటల్లోపు బీపీ 20 పాయింట్లకు పైగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. అది వేరే సమస్య, దానికి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మరి భుక్తాయాసం ఎక్కడ పుడుతుంది? నన్ను ఎంతగానో ఆకట్టుకున్న కణాలు ఇక్కడే వస్తాయి. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. దాని పక్క అంచుల్లో ఒరెక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసే నాడీకణాలు ఉంటాయి. మెదడులో వేలకోట్ల కణాలుంటే ఇవి లక్షకు కూడా తక్కువే. కానీ వీటి తంతువులు మెదడంతా పాకి, మెలకువను నడిపే కేంద్రాలన్నిటినీ తట్టిలేపుతుంటాయి. 1998లో అమెరికాలో రెండు బృందాలు వేర్వేరుగా ఈ పదార్థాన్ని కనిపెట్టాయి. రెండేళ్ళు తిరిగేసరికి నార్కోలెప్సీ అనే జబ్బు గుట్టు బయటపడింది. ఆ జబ్బున్నవాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోతారు. చనిపోయిన రోగుల మెదళ్ళు పరిశీలిస్తే ఈ కణాల్లో దాదాపు 90 శాతం కనిపించలేదు. అంటే మనం మేలుకుని ఉండటం ఈ గుప్పెడు కణాల మీద అంతగా ఆధారపడి ఉందన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కణాలు రక్తంలోంచి వచ్చే గ్లూకోజును పసిగడతాయి. అదీ తిరగేసి. గ్లూకోజు పెరిగితే ఇవి మూగబోతాయి. 2006లో బ్రిటన్‌లో డెనిస్ బర్దకోవ్ బృందం ఎలుకల మెదడు ముక్కల్లో దీన్ని చూపించింది. ఒక భోజనానికీ మరో భోజనానికీ మధ్య గ్లూకోజులో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు చాలు, ఈ కణాల జోరు తగ్గడానికి.

ఎలా తగ్గుతుంది? నాడీకణం లోపలివైపు బయటకంటే కొన్ని పదుల మిల్లీవోల్టుల రుణావేశంతో ఉంటుంది. లోపలికి ధనావేశం చేరుతూ చేరుతూ ఒక గీత దాటితే కణం ఒక విద్యుత్ సంకేతం పంపుతుంది. గ్లూకోజు తగలగానే కణం పొరలో పొటాషియం దారులు తెరుచుకుంటాయి. ధనావేశమున్న పొటాషియం అయాన్లు బయటికి కారిపోతాయి. చిల్లుపడ్డ బిందెలో నీళ్ళు పోస్తున్నట్టే, ఎంత ఆవేశం చేరినా గీత దాకా నిండదు. సంకేతం ఆగిపోతుంది. కణం చచ్చిపోలేదు, అలిసిపోలేదు, చిల్లు తెరుచుకుందంతే. గ్లూకోజు తగ్గితే చిల్లు మూసుకుంటుంది, బిందె మళ్ళీ నిండుతుంది.

ఇంకా వింత ఏమిటంటే, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణం ఇదే గ్లూకోజుకు సరిగ్గా ఎదురు పని చేస్తుంది. అది గ్లూకోజును కాల్చి, ఆ శక్తితో ఏటీపీ అనే అణువులను తయారుచేస్తుంది. ఏటీపీ పెరిగితే దాని పొటాషియం దారులు మూసుకుంటాయి, కణం జోరందుకుంటుంది, ఇన్సులిన్ వదులుతుంది. ఒరెక్సిన్ కణానికి గ్లూకోజును కాల్చే అవసరమే లేదు. దాని ఉనికిని గుర్తిస్తే చాలు, దారులు తెరుస్తుంది. ఒకే చక్కెర ఒక కణాన్ని లేపుతుంది, మరో కణాన్ని నిద్రపుచ్చుతుంది. ఈ రెండు కణాల బొమ్మలు బోర్డు మీద పక్కపక్కన గీసి చూపిస్తే పదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. అయాన్లు, ఆవేశం అని విడివిడిగా బట్టీ పట్టించే పాఠంకంటే అది వందరెట్లు మేలు.

ఇలాంటి ఏర్పాటు ఎందుకుందో ఆలోచిస్తే తెలిసిపోతుంది. ఆకలిగా ఉన్న జంతువు పడుకుంటే లాభం లేదు, తిరిగి తిండి వెతుక్కోవాలి. మామూలు ఎలుకను పస్తు పెడితే నిద్ర తగ్గించి చురుగ్గా తిరుగుతుంది. ఒరెక్సిన్ కణాలు లేని ఎలుక పస్తున్నా అలా మేలుకోదని 2003లో జపాన్ పరిశోధకులు చూపించారు. శివరాత్రినాడు ఉపవాసం, జాగరణ రెండూ ఒకే రోజు పెట్టిన పెద్దలకు హైపోథాలమస్ గురించి తెలియకపోవచ్చు. కానీ కడుపునిండా తిని తెల్లార్లూ మేలుకోవడం ఎంత కష్టమో బాగా తెలుసుననిపిస్తుంది.

ఇక మన కంచం వైపు చూద్దాం. మనిషి ఒంట్లో ఐదు లీటర్ల రక్తం ఉంటే, అందులో తిరిగే గ్లూకోజు మొత్తం ఐదు గ్రాములు, అంటే చిన్న చెంచాడు. మెస్సులో ఒక మోస్తరు భోజనంలో 300 గ్రాముల అన్నం సునాయాసంగా దిగుతుంది. అందులో పిండిపదార్థం 80 గ్రాములకు పైనే. అది దాదాపు అంతా గ్లూకోజుగా మారేదే. రక్తంలో ఉన్నదానికి పదహారు రెట్లు రెండు మూడు గంటల్లో వచ్చి పడుతుంది. పాలిష్ బియ్యం మెత్తగా ఉడికితే మరీ త్వరగా వస్తుంది. సిడ్నీ పరిశోధకులు 2007లో ఆరోగ్యవంతులైన పన్నెండుమంది మగవాళ్ళకు నిద్రకు నాలుగు గంటల ముందు అన్నం పెట్టారు. నిదానంగా అరిగే బియ్యం తిన్నప్పుడు నిద్ర పట్టడానికి పదిహేడున్నర నిమిషాలు పడితే, త్వరగా అరిగే బియ్యంతో తొమ్మిది నిమిషాలే పట్టింది. రాత్రికి అది వరమే. మధ్యాహ్నం రెండింటికి మీటింగులో ఉన్నవాళ్ళకు మాత్రం టెన్షన్.

ఈ కథలో మరో పాత్ర ఉంది. అదే మాంసకృత్తులు. 2011లో అదే బర్దకోవ్ బృందం ఎలుకల్లో గమనించిందేమిటంటే, మాంసకృత్తులు అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలు ఒరెక్సిన్ కణాలను లేపుతాయి. కణంలోకి చేరి, ఏటీపీతో నడిచే పొటాషియం దారులను మూసేస్తాయి. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు రెండూ కలిపి ఇస్తే గ్లూకోజు ఆ కణాలను మూగబెట్టలేకపోయింది. అంటే బిందెకు చిల్లు పెట్టేదీ, పూడ్చేదీ రెండూ మన కంచంలోనే ఉన్నాయి. అన్నం గుట్టలా పెట్టుకుని, పప్పు పైపైన నాలుగు చుక్కలు పోసుకుంటే ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు.

పెరుగన్నం తింటే, మజ్జిగ తాగితే మత్తు వస్తుందని మనవైపు చాలామంది పెరుగును ఆడిపోసుకుంటారు. పాలల్లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంది, దాంతో మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తయారై నిద్రొస్తుందని దానికి సైన్సు రంగు కూడా పూస్తారు. ట్రిప్టోఫాన్ మెదడులోకి వెళ్ళే ద్వారం దగ్గర ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్, టైరోసిన్, ఫినైల్ అలనిన్ లాంటి ఇతర అమైనో ఆమ్లాలు పోటీకి నిలబడతాయి. ఇన్సులిన్ ఈ పోటీదారులను కండరాల్లోకి తోసేస్తే ట్రిప్టోఫాన్‌కు దారి దొరుకుతుందన్న మాట నిజమే. అయితే భోజనంలో మాంసకృత్తులు కొద్దిగా ఉన్నా పోటీదారులు మళ్ళీ వచ్చేస్తారు. పెరుగులో ట్రిప్టోఫాన్‌కంటే ల్యూసిన్ చాలా ఎక్కువ. కాబట్టి నింద పెరుగుది కాదు, దానితో కలిపిన మూడో వాయి అన్నానిది. తిన్నాక నీళ్ళు తాగితే జఠరాగ్ని చల్లారిపోతుందనే భయం కూడా ఇలాంటిదే. జీర్ణరసాల పని గ్లాసు నీళ్ళతో ఆగదు.

తిండి ఒక్కటే కారణమూ కాదు. మధ్యాహ్నం ఒంటిగంట, నాలుగింటి మధ్య శరీర గడియారమే కొంచెం మందగిస్తుంది, భోజనం మానేసినవాళ్ళకు కూడా. రాత్రి ఐదు గంటలే పడుకుంటే ఆ మందం ఇంకా పెరుగుతుంది. దాని మీద పెద్ద భోజనం పడితే ఇక ఆపేదేముంది? అందుకే పొద్దున టిఫిన్‌కు రాని తూగు మధ్యాహ్నం వస్తుంది.

ఏం చేయాలంటే, ముందు అన్నం తగ్గించండి. సగానికి అక్కర్లేదు, మూడో వంతు తగ్గించినా తేడా తెలుస్తుంది. ఆ ఖాళీలో గట్టి పప్పు, గుడ్డు, చేప, ఉడికించిన శనగలు పెట్టండి. వరుస మార్చడం ఇంకా తేలిక. న్యూయార్క్‌లో 2015లో షుగరు ఉన్న పదకొండుమందికి అవే పదార్థాలు వరుస మార్చి పెట్టారు. కూరగాయలు, మాంసం ముందు తిని పిండిపదార్థం ఆఖరున తిన్నప్పుడు గంట తర్వాత రక్తంలో గ్లూకోజు 37 శాతం తక్కువగా ఉంది. మనం కూర, పప్పు అన్నంలో కలుపుకునేదాకా ముట్టుకోం. ముందే ఒక కప్పు కూర ఉత్తిగా తినేసి అన్నం వడ్డించుకుంటే చాలు. బియ్యం మార్చాలనుకుంటే తెలంగాణ సోనా గ్లైసీమిక్ సూచిక (తిన్నది రక్తంలో గ్లూకోజును ఎంతగా పెంచుతుందో చెప్పే అంకె, ఉత్త గ్లూకోజుకు 100) 51 దగ్గర ఉంటుందని కొలిచారు. రాగి అనగానే భరోసా పడకండి, మెత్తగా పిండి పట్టిన రాగి కూడా చక్కెరను త్వరగానే వదులుతుంది.

తిన్నాక వంద అడుగులు వేయమన్న పాత మాట మాత్రం అక్షరాలా పాటించదగ్గది. కండరం కదిలినప్పుడు గ్లూట్-4 అనే వాహక ప్రోటీన్లు ఇన్సులిన్ సాయం లేకుండానే కణం పొర మీదికి వచ్చి గ్లూకోజును లోపలికి లాగేస్తాయి. వందతో ఆగకుండా పది, పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే మరీ మంచిది. కునుకు తీసే వీలుంటే పది నిమిషాలకే అలారం పెట్టుకోండి. ఆస్ట్రేలియాలో ఐదు, పది, ఇరవై, ముప్ఫై నిమిషాల కునుకులను పోల్చి చూస్తే, లేచిన వెంటనే చురుకుదనం ఇచ్చింది పది నిమిషాలదే. ముప్ఫై నిమిషాలు పడుకున్నవాళ్ళు లేచాక కాసేపు మరింత మందంగా ఉన్నారు. మూడింటి తర్వాత కాఫీ వద్దు. అందులో సగం కెఫీన్ ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది, రాత్రి నిద్ర చెడగొట్టి మర్నాటి తూగుకు దారి వేస్తుంది.

ఇవన్నీ చేసినా, కొద్దిగా తిన్నా, రోజూ కూర్చున్నచోటే ఒరిగిపోతుంటే ఫాస్టింగ్ షుగరు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష), హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. రాత్రి గట్టిగా గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్ళు చెబితే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడమని డాక్టరును అడగండి. కారణం తేలేదాకా భోజనం చేసిన వెంటనే బండి నడపకండి.