దస్తావేజుల్లోకి ‘సదరు’ ఎలా వచ్చింది?

ఇంటి కాగితాలు ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చదివారా? సదరు ఆస్తి, సదరు కొనుగోలుదారు, సదరు హద్దులు... రెండో పేజీకి వచ్చేసరికి నవ్వొస్తుంది. మామూలుగా ‘అది’, ‘అతను’ అంటే పోదా అనిపిస్తుంది.

పోదు. "సుబ్బయ్య వెంకయ్యతో అతని పొలం గురించి మాట్లాడాడు" అంటే పొలం ఎవరిది? ‘తన పొలం’ అంటే సుబ్బయ్యదే అని తేలిపోతుంది, ‘అతని’ అన్నామంటే వెంకయ్యదీ కావచ్చు, ఇంకెవడో మూడోవాడిదీ కావచ్చు. ‘అది’తో ఇంకో చిక్కు, మన భాషలో పొలమూ అదే, ఆవూ అదే, మర్యాద పక్కన పెడితే ఆడమనిషీ అదే (1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఆడవాళ్లని ఏకవచనంలో అమహత్తుల్లోనే, అంటే జంతువులూ వస్తువులూ ఉండే గుంపులోనే కలిపాడు). ఎదురుగా మాట్లాడేటప్పుడు వేలు పెట్టి చూపిస్తాం, కాగితం మీద ఆ వీలు లేదు కదా.

మొదట్లో ఇంత హడావిడి లేదు. కడప జిల్లా ఎర్రగుడిపాడులో దొరికిన ఆరో శతాబ్దపు శాసనం చూడండి, ఇచ్చిన భూమి సంగతి చెప్పి, దీనికి అడ్డొచ్చినవాడికి పంచమహాపాతకాలు అని ముగిస్తుంది. ‘దీనికి’ అన్న ఒక్క మాటే పైనున్న దానం మొత్తాన్నీ మోసింది.

తర్వాత కుతుబ్‌షాహీల కాలంలో సర్కారు రాతకోతల్లోకి ఫార్సీ వచ్చి కూర్చుంది. నిజాం రాజ్యంలో 1884లో ఉర్దూ వచ్చేదాకా రాజభాష ఫార్సీయే. ‘సదర్’ అసలు అరబ్బీ మాట, ఛాతీ, ముందుభాగం, పైస్థానం అని అర్థాలు. సదర్ బజార్‌లోనూ, ఈస్టిండియా కంపెనీ వాళ్ల పెద్ద కోర్టు సదర్ అదాలత్‌లోనూ ఉన్నది ఇదే. కాగితంలో పైన చెప్పినది కాబట్టి సదరు.

ఇప్పుడు పేపర్లలో దీనికి కాస్త వెటకారం కూడా అంటుకుంది. ‘సదరు నాయకుడు’ అని కనిపిస్తే ఆ నాయకుడి మీద రాసినవాడికి గౌరవం లేదని తెలిసిపోతుంది.

అలాగని సదరు అన్నిచోట్లా ఆదుకోదు. మా ఇంట్లో భాగాలు పంచుకున్నప్పుడు ఒకే కాగితంలో రెండు స్థలాలు రాయించాం, మూడో పేజీలో ‘సదరు స్థలం’ దగ్గర అందరం ఆగిపోయాం. ఏ స్థలం? లేఖరి తల గోక్కుని మొత్తం మళ్లీ టైపు చేయించాడు, ఈసారి ‘ఎ షెడ్యూలు స్థలం’, ‘బి షెడ్యూలు స్థలం’ అని.