గట్టుకు గండి కొడితే నీళ్లు ఎవరినీ అడిగి రావు

2022 మే 24న అమలాపురం అట్టుడికింది. కోనసీమ జిల్లా పేరు మార్పు మీద మొదలైన ఆందోళన చెయ్యి దాటి, ఒక మంత్రి ఇంటికీ ఒక ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టేదాకా వెళ్లింది. జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. వాట్సాప్ మెసేజీలు 2016 నుంచే ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో వెళ్తున్నాయి, అంటే పంపినవాడి ఫోన్లో తాళం పడితే అందుకున్నవాడి ఫోన్లోనే తెరుచుకుంటుంది. మధ్యలో ఎవరూ చదవలేరు, కంపెనీ కూడా. అయినా పోలీసులు వాట్సాప్ గ్రూపుల మెసేజీలు, సీసీ కెమెరాల దృశ్యాలు పట్టుకుని వందమందికి పైగా అరెస్టు చేశారు. ఇందులో మాయేం లేదు. గ్రూపులో వందమంది ఉంటే ఆ మెసేజీ వంద ఫోన్లలో మామూలు తెలుగులో తెరిచే ఉంటుంది. తాళం దారికే, చేరిన చోట ఉండదు.

ఆ తాళం ఎలా పడుతుందో చిన్న లెక్కలో చూడొచ్చు. భీమవరంలో రొయ్యల రైతు ఒకాయన, కాకినాడలో కొనే వ్యాపారి ఒకాయన. ఈ వారం వంద కౌంటు (కిలోకు వంద తూగే రొయ్యల) రేటు మూడోవాడికి తెలియకుండా మాట్లాడుకోవాలి. 3, 17 అనే రెండు అంకెలు అందరికీ వినపడేలానే అనుకున్నారు. రైతు మనసులో 4 పెట్టుకున్నాడు. మూడును నాలుగుసార్లు వేసి గుణిస్తే 81, దాన్ని 17తో భాగిస్తే మిగిలేది 13. అది పంపాడు. వ్యాపారి 6 అనుకున్నాడు. మూడును ఆరుసార్లు గుణిస్తే 729, శేషం 15. అది పంపాడు. ఇప్పుడు రైతు తనకొచ్చిన 15ను నాలుగుసార్లు గుణించి 17తో భాగిస్తే శేషం 16. వ్యాపారి 13ను ఆరుసార్లు గుణించి భాగించినా అదే 16. ఇద్దరి చేతికీ ఒకే తాళంచెవి వచ్చింది, అది మాత్రం ఫోన్లో ఎక్కడా ప్రయాణించలేదు. కాగితం మీద వేసి చూడండి, నమ్మకం కుదురుతుంది. డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1976లో ప్రకటించిన పద్ధతి ఇది. 17 బదులు వందల అంకెల పొడవున్న సంఖ్య తీసుకుంటే, దారిలో విన్నవాడు ఆ 4నో 6నో వెనక్కి లాగడం ఇవాళ్టి కంప్యూటర్ల వల్ల కాదు.

దీనితో పోలీసులకు నిజంగానే చిక్కొస్తుంది. కుట్ర చేసేది ఇద్దరే అయి, ఇద్దరూ ఫోన్లు గోదాట్లో పారేస్తే ఆ మాటలు ఇక దొరకవు. అందుకే "మాకొక్కరికే ఒక మారుతాళం ఇవ్వండి" అని ప్రభుత్వాలు అడుగుతుంటాయి. అడగడంలో తప్పులేదు. ఇవ్వడం కుదరదు, అదీ గొడవ. ఏటిగట్టుకు గండి కొట్టి, నా చేలోకే నీళ్లు రావాలంటే వస్తాయా? గ్రీసులో 2004-05లో జరిగింది అదే. పోలీసులు వినడం కోసమని ఫోన్ ఎక్స్ఛేంజీల్లో పెట్టిన ఏర్పాటునే ఎవరో చేజిక్కించుకుని ప్రధానమంత్రి ఫోనుతో సహా సుమారు వంద ఫోన్లు నెలల తరబడి విన్నారు. ఆ ఎవరో ఎవరన్నది అప్పట్లో తేలలేదు. 2024లో అమెరికాలో, కోర్టు ఆదేశాలతో ఫోన్లు వినడానికి టెలికాం కంపెనీలు పెట్టుకున్న వ్యవస్థల్లోకే చైనా హ్యాకర్లు దూరారని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. దేశభద్రత కోసం పెట్టిన తలుపులోంచే దేశభద్రత బయటికి పోయిందన్నమాట.

మన దగ్గర 2021 ఐటీ నిబంధనలు మారుతాళం అనవు. 50 లక్షలకు మించి వాడకందార్లున్న మెసేజింగ్ యాప్‌ని, ఫలానా మెసేజీ మొదట ఎవరు పంపారో చెప్పమంటాయి. వినడానికి చిన్న కోరికే. కానీ రేపు ఏ మెసేజీ గురించి అడుగుతారో ముందే తెలీదు కనక, అందరి మెసేజీలకూ గుర్తు వేసి ఉంచుకోవాలి. రాజోలు నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లినావిడ రాత్రి అమ్మకు వాట్సాప్ మెసేజీలో "పాస్‌పోర్టు వాళ్లే ఉంచుకున్నారే అమ్మా" అని చెప్పుకుంటుంది. ఆవిడకు ఆ తాళం సోకు కాదు. వాట్సాప్ దీని మీద 2021లోనే ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. ఎన్‌క్రిప్షన్ విరగ్గొట్టమంటే దేశం వదిలి పోతామని 2024 ఏప్రిల్‌లో కోర్టులోనే అంది. అంత లాభమున్న మార్కెట్టు వదిలి పోతారా అన్నది వేరే సంగతి.

నా మటుకు నాకు అసలు చర్చ మరోచోట జరగాలనిపిస్తుంది. తాళం ఉన్నా బయట మిగిలేది తక్కువేం కాదు. ఎవరు ఎవరికి, ఎన్నింటికి, ఏ టవర్ కింద నుంచి మాట్లాడారో కంపెనీల దగ్గర ఉంటుంది. మాట తెలియకపోయినా మనిషి తెలుస్తాడు. దర్యాప్తుకు అది కొండంత అండ. మరి నిఘా పెట్టమని సంతకం పెట్టేదెవరు? 2017 పుట్టస్వామి కేసు తీర్పులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమంది గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. అయినా ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద 2009లో వచ్చిన నిబంధనల ప్రకారం నిఘాకు అనుమతి ఇచ్చేది కేంద్రంలోనైనా రాష్ట్రంలోనైనా హోంశాఖ కార్యదర్శి, జడ్జి కాదు. ఆ ఉత్తర్వుల్ని రెండు నెలలకోసారి సమీక్షించే కమిటీలో ఉండేదీ అధికారులే.